మాస్టారి కోసం 112 పేజీలు

మా మాస్టారు 2024 జులై 16న, తొలి ఏకాదశికి ముందు రోజు పోయారు. ఎనభై ఆరేళ్లు. తెనాలిలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదువుకోకపోయినా ఆయనతో స్నేహం కుదిరిన నలుగురం కలిసి, ఏడాది తిరిగేసరికి ఒక స్మృతి సంచిక వేశాం. 112 పేజీలు, 300 కాపీలు. ఆయన గురించి చెప్పాల్సింది ఆ సంచికలో ఉంది కాబట్టి ఇక్కడ చెప్పను. ఆ పని ఎలా చేశాం, ఎక్కడ బోర్లాపడ్డాం, మళ్లీ చేస్తే ఏది ముందు మొదలుపెడతాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా ఉంటారు.

అందరూ వ్యాసాలు అడగడంతో మొదలుపెడతారు. మేమూ అదే చేశాం. అది తప్పు. వ్యాసాలు మూడు నెలలు ఆగినా వస్తాయి, కాగితాలు ఆగవు. పెద్దకర్మ అయిన వారానికే ఇల్లు సర్దడం మొదలవుతుంది. దూరం నుంచి వచ్చిన పిల్లలకు సెలవు తక్కువ. మంచం కింద ట్రంకుపెట్టె, అటక మీద గోనెసంచి, అల్మరా పై అరలో ఉత్తరాల కట్ట... అన్నీ కలిపి పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్లిపోతాయి. ఎవరిదీ తప్పు కాదు, వాళ్లకది చెత్తలాగే కనిపిస్తుంది. పరామర్శకు వెళ్లినప్పుడు ఏదీ అడగనక్కర్లేదు, ఒక్క మాట చెప్పి రండి: "అమ్మగారూ, కాగితం ముక్క కూడా తీసెయ్యకండి, మేం వచ్చి సర్దిపెడతాం." మేం ఈ మాట పదమూడో రోజున చెప్పాం. అప్పటికే ఒక గోనెసంచి వెళ్లిపోయింది. అందులో ఏముందో ఆవిడకూ తెలియదు.

రెండో తొందర ఫోను. పెద్దాయన ఫోనులో వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఉంటాయి, అంటే గొంతు ఉంటుంది. సిమ్ముకు రీఛార్జి ఆగి, 90 రోజులు వాడకం లేకపోతే కంపెనీ ఆ నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకపోతే సాధారణంగా చెరిగిపోతుంది. కాబట్టి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే మొదటి నెలలోనే కనీస రీఛార్జి చేయించి, ఫోను తెరిచే గీత ఎవరికి తెలుసో కనుక్కుని, మెమరీలోని వాట్సాప్ ఫోల్డరు మొత్తాన్ని కంప్యూటరులోకి ఎక్కించాలి. గొంతు ఫైళ్లు 'వాయిస్ నోట్స్' అనే ఫోల్డరులో వారాల వారీగా, .ఓపస్ ఫైళ్లుగా ఉంటాయి. చాట్‌లు చదవొద్దు. అది మన పని కాదు. మేం ఫోనును ఆయన కొడుకు చేతిలోనే ఉంచి, పక్కన కూర్చుని ఎలా ఎక్కించాలో చెప్పాం. ఆయన పంపిన మెసేజీలు ఎలాగూ అవతలివాళ్ల ఫోనుల్లో కూడా ఉంటాయి. అందుకే తెలిసినవాళ్లందరికీ "ఆయన గొంతు ఉన్న మెసేజీ ఏదైనా ఉంటే చెరపకండి" అని అదే వారం కబురు పెట్టాలి. ఫోను నిండిపోయిందని పాతవి తుడిచేసేవాళ్లు చాలామంది.

ఇంట్లో దొరికినవి: 140 దాకా ఉత్తరాలు, పోస్టుకార్డులే ఎక్కువ, రెండు నోటుపుస్తకాలు, ఒక సీ-60 కేసెట్టు, ఫొటోలు, పెన్సిలు గుర్తులున్న పుస్తకాలు రెండు అల్మరాలు. ఎక్కువ కాలం తిన్నవి ఉత్తరాలే. సంచికకు ప్రాణం పోసినవి కూడా అవే.

ఉత్తరాలు ఉన్న కట్టలు ఉన్నట్టుగా ఫొటో తీసుకున్నాకే విప్పాలి. ఆయన ఏ వరసలో పెట్టుకున్నారో ఆ వరసే ఒక సమాచారం. తుప్పుపట్టిన గుండుసూదులు, క్లిప్పులు తీసేయాలి. ప్రతి కాగితం వెనక ఒక మూల మెత్తటి పెన్సిలుతో వరస నంబరు వేయాలి. పెన్ను వద్దు, స్టిక్కరు వద్దు. చిరిగిన చోట సెలోటేపు అసలే వద్దు, పదేళ్లకు అది పసుపురంగు జిగురై అక్షరాల్ని లాక్కుపోతుంది. లామినేషన్ మాట ఎత్తేవాళ్లను దూరంగా కూర్చోబెట్టండి. కార్డు రెండు వైపులా స్కాన్ చేయాలి, రాత లేని వైపు కూడా. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మన పెద్దవాళ్లు ఉత్తరం మీద తేదీ వేస్తే సంవత్సరం వేయరు. "మంగళవారం, రాత్రి" అని మాత్రం వేస్తారు. సంవత్సరం తేలాలంటే చిరునామా వైపే దిక్కు. తపాలా ముద్ర కనబడితే గొడవే లేదు, కాని సగం ముద్రలు మసి మరకల్లా ఉంటాయి. అప్పుడు మాకు పనికొచ్చిన గుర్తులు ఇవి. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది. చిరునామాలో 522201 అని తెనాలి పిన్ను ఉంటే ఆ కార్డు కచ్చితంగా ఆ తర్వాతిది. లేకపోతే మాత్రం ముందుదే అని చెప్పలేం, 1980ల్లో కూడా పిన్ను వేయనివాళ్లున్నారు. జిల్లా పేరు ఇంకా గట్టి సాక్ష్యం. మాస్టారి స్నేహితుడొకాయన చీరాల నుంచి రాసేవారు. పంపినవారి చిరునామాలో "చీరాల, గుంటూరు జిల్లా" అని ఉంటే 1970 ఫిబ్రవరికి ముందుది. ఒంగోలు జిల్లా అని ఉంటే దాదాపుగా 1970-72 మధ్యది. ప్రకాశం జిల్లా అయితే ఆ తర్వాతిది. 2022 ఏప్రిల్ నుంచి చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చింది, కాని అప్పటికి కార్డులు రాసేవాళ్లెవరూ మిగల్లేదు. అలాగే హైదరాబాదు శివార్ల నుంచి వచ్చిన ఉత్తరం మీద రంగారెడ్డి జిల్లా అని ఉంటే 1978 ఆగస్టు తర్వాతిది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినదాని మీద విజయనగరం జిల్లా అని ఉంటే 1979 జూన్ తర్వాతిది.

కార్డు మీద అచ్చయిన వెల కూడా చెబుతుంది. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయిన కార్డు. నయా పైసలైతే ఆ తర్వాత, 1964 లోపు. 15 పైసలది పాతది, 50 పైసలది ఇప్పటిది. ఇక్కడ ఒక చిక్కుంది. వెల కార్డు అచ్చయిన కాలాన్ని చెబుతుంది గాని రాసిన కాలాన్ని కాదు. పాత కార్డుకు పైన బిళ్ల అంటించి వాడుకునే పొదుపరులు ఉంటారు, మాస్టారు వాళ్లలో మొదటివారు. ఒక కార్డును వెల చూసి పదేళ్లు వెనక్కి నెట్టేశాం. అందులో రాసిన పెళ్లి తేదీ చూసి వాళ్ల అమ్మాయి దిద్దింది.

తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటే లెక్క తేలిక. 1987 ఉగాది ప్రభవ. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, అరవై ఏళ్లకు మళ్లీ అదే పేరు. దీనిలో అందరూ పడే గొయ్యి ఒకటుంది. ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది కదా, పుష్య, మాఘ, ఫాల్గుణాలు చాలావరకు ఇంగ్లీషు లెక్కలో తర్వాతి సంవత్సరంలోకి పడతాయి. మాస్టారి జాతకం మీద "ఈశ్వర నామ సంవత్సర మాఘ..." అని ఉంది. ఈశ్వర అంటే 1937 అని ముందు వేసుకున్నాం. కాదు, ఈశ్వర మాఘం 1938 ఫిబ్రవరి. సర్వీసు రిజిస్టరులో ఉన్నది 1-7-1936! ఇది ఆ తరంలో మామూలే. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు వయసు సరిపోయేలా జులై ఒకటి వేసేసేవారు. ఆ లెక్కతోనే ఆయన 58 ఏళ్లకు, 1994 జూన్ 30న రిటైరయ్యారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లకు అంతకుముందు నెల ఆఖరి రోజే రిటైర్మెంటు. సంచికలో రెండు తేదీలూ వేసి, ఏది ఎక్కడిదో రాశాం. ఒక్కటే వేస్తే, వ్యాసాలు రాసినవాళ్లలో సగంమంది లెక్కలు తప్పయిపోతాయి. ఒకరు "ఎనభై ఆరు", ఇంకొకరు "ఎనభై ఎనిమిది" అని రాసింది ఈ తేడా వల్లే.

ఉత్తరాలు అచ్చు వేసేముందు ఇంకో సంగతి. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రాత మీద హక్కు రాసినవారిది. మన చట్టంలో ఆ హక్కు రచయిత పోయాక కూడా వారసులకు ఉంటుంది. అంటే మాస్టారు ఇతరులకు రాసిన ఉత్తరాలు వేయాలంటే మాస్టారి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. మాస్టారికి వచ్చినవి వేయాలంటే రాసినవాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. నోటిమాట చాలదు, వాట్సాప్‌లో ఒక వాక్యమైనా రాయించుకోండి. అప్పుల సంగతి, సంబంధాల సంగతి, ఒంట్లో బాగోలేని సంగతి ఉన్న ఉత్తరాలు ఎంత బాగున్నా వదిలేశాం. 140లో వేసింది పదకొండు.

కేసెట్టు 1994 వీడ్కోలు సభది. మాస్టారు పద్యాలు చదివిన సభ. ముప్ఫై ఏళ్లు కదలని టేపును వెంటనే ప్లే చేయకూడదు. లోపల చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, తెగిపోవచ్చు. ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ చివరిదాకా వెనక్కి తిప్పాలి. ప్లేయరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడవాలి. కేసెట్టు మధ్యలో రాగిరేకు మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది, అది ఊడిపోతే గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మాది ఊడింది. పాడైన ఇంకో కేసెట్టు విప్పి, ఆ ముక్క తీసి పెట్టాం. ప్లేయరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు లైన్-ఇన్‌లోకి తీగ పెట్టి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, వావ్ ఫైలుగా ఒక్క విడతలో ఎక్కించాం. స్టీరియోలో నిమిషానికి 10 ఎంబీ, రెండు వైపులా కలిపి గంటకు 600 ఎంబీ. సొద తీసేసే ఫిల్టర్లు అతిగా వాడితే గొంతు తగరపు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. మేం వాడి చూసి మానేశాం. వెనకాల ఫ్యాను చప్పుడు ఉంటే ఉండనివ్వండి.

ఆ పద్యాలు వినేలా సంచికలో క్యూఆర్ కోడ్ ఒకటి వేశాం. వెడల్పు 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు. స్క్రీను మీద పనిచేసింది కదా అని వదిలేయకుండా ప్రూఫు కాగితం మీద మూడు రకాల ఫోనులతో చూడాలి. ఉచితంగా కోడ్ చేసిచ్చే సైట్లలో కొన్ని మధ్యలో తమ లింకు దూర్చి, కొన్నాళ్లకు డబ్బు అడుగుతాయి. మార్చడానికి వీల్లేని మామూలు కోడ్ చేయించుకోవాలి. అది తిన్నగా మన లింకుకే పోతుంది.

ఫొటోల గురించి తక్కువే చెబుతాను. పోస్టుకార్డు సైజు పాత ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయాలి. అచ్చుకు 300 చాలు కాబట్టి రెట్టింపు సైజు దాకా వేసుకోవచ్చు. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయినదాన్ని పీకొద్దు, అద్దంతో సహా స్కానరు మీద పెట్టేయండి. "ఫొటో పంపాను" అని జనం వాట్సాప్‌లో పంపిస్తారు. మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది, అంటే అచ్చులో అయిదంగుళాలకు మించదు. 'డాక్యుమెంటు'గా పంపమని అందరికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. గ్రూపు ఫొటోలో ఎవరెవరో తెలిసినవాళ్లు ఒకరిద్దరే ఉంటారు, వాళ్లకూ ఎనభై దాటి ఉంటాయి. ఫొటో మీద ట్రేసింగు కాగితం పెట్టి, తలల చుట్టూ గీత గీసి, నంబర్లు వేసి, ఆ నంబర్లకు పేర్లు చెప్పించుకున్నాం. ఫోను తెర మీద చూపిస్తే వాళ్లకు ఆనదు. ఏ4 కాగితం మీద పెద్దగా అచ్చు తీసి పట్టుకెళ్లాలి.

ఇక వ్యాసాలు. మొదట నలభై మందికి "మాస్టారితో మీ అనుబంధం గురించి ఒక వ్యాసం రాయండి" అని పంపాం. వచ్చినవన్నీ ఒక్కరే రాసినట్టున్నాయి. నిగర్వి, స్నేహశీలి, అజాతశత్రువు, మృదుభాషి, తీరని లోటు. మాస్టారు మృదుభాషి కాదు, అచ్చుతప్పు చూస్తే అరిచేవారు. అజాతశత్రువు అంతకన్నా కాదు, ఇద్దరితో పదేళ్లు మాట్లాడలేదు. ఆ మాటలు అబద్ధమని కాదు, అవి ఎవరి సంచికలోనైనా సరిపోతాయి. అదే వాటి లోపం.

రెండోసారి వ్యాసం అడగడం మానేసి ప్రశ్నలు పంపాం. మొదటిసారి ఎక్కడ చూశారు, అప్పుడు ఏం కట్టుకుని ఉన్నారు? మిమ్మల్ని ఏమని పిలిచేవారు? ఏ మాట ఎక్కువగా అనేవారు? ఎందుకు కోప్పడ్డారు? ఆయన ఇచ్చిన వస్తువేదైనా మీ దగ్గరుందా? ఆఖరిసారి ఏం మాట్లాడుకున్నారు? నచ్చిన మూడింటికి జవాబు రాయండి, 400 మాటలు మించొద్దు. అంతే, మనిషి కదలడం మొదలైంది. ఎర్రసిరా సీసా, సైకిలు హ్యాండిలుకు వేలాడే గుడ్డసంచి, ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల కేలెండరు మీద పంచాంగం తప్పులు వెతకడం, "ఏవిటోయ్, వత్తు తినేశావ్" అనడం, అన్నీ ఈ విడతలోనే వచ్చాయి.

రాయలేనివాళ్ల దగ్గరికి వెళ్లి ఫోనులో రికార్డు చేశాం. ఫోను బల్ల మీద పెట్టొద్దు, టీ గ్లాసు చప్పుడు కూడా పిడుగులా పడుతుంది. మడిచిన తువ్వాలు మీద పెట్టి, మాట్లాడే మనిషికి జానెడు దూరంలో ఉంచాలి, ఫ్యాను కట్టేయమనాలి. అరగంట చాలు, తర్వాత అలిసిపోయి చెప్పిందే చెబుతారు. దాన్ని రాతలో పెట్టడానికి అరగంటకు మూడు గంటలు పట్టింది. వాయిస్ టైపింగు కొంత ఆదుకుంటుంది గాని విరామచిహ్నాలు మనమే పెట్టుకోవాలి, యాస మాట వస్తే దగ్గరలో ఉన్న పుస్తకం మాట వేసేస్తుంది. చీరాల ఆయన "యాడికి బోతివి" అన్నది "ఎక్కడికి పోయావు" అయి కూర్చుంటే ఇక ఆయన్ని రికార్డు చేసి లాభమేమిటి? అలాంటి చోట్ల మళ్లీ విని చేత్తో దిద్దాం.

ఒకే సంఘటన ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకుని బియ్యం, బట్టలు పోగుచేసి తీసుకెళ్లిన సంగతి అయిదు వ్యాసాల్లో వచ్చింది. ఒకరి లెక్కలో లారీ, ఒకరి లెక్కలో రెండు ఎడ్లబళ్లు. నిజం తేల్చాలని కూర్చోలేదు. బాగా చెప్పినవారిది ఒకటి పూర్తిగా ఉంచి, మిగతా నాలుగింటిలో ఆ భాగం తీసేస్తూ, తీసేసే ముందు వాళ్లకు ఫోను చేసి చెప్పాం. చెప్పకుండా కోస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఒకాయన నొచ్చుకున్నారు కూడా. అప్పటికి మేం ఫోను చేయాలన్న నియమం పెట్టుకోలేదు.

మాస్టారి రచనల కోసం పాత పత్రికలు వెతికాం. ఆయన కుర్రతనంలో 'భారతి'కి పంపిన వ్యాసం ఒకటి అచ్చయిందని అందరూ అంటారు. 'భారతి' 1924 నుంచి 1991 దాకా వచ్చిన మాసపత్రిక. "అప్పుడెప్పుడో వచ్చింది" అంటే సంచికకు సంచిక తిరగేయాల్సిందే. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలు ఇలాంటి వాటికే పెట్టింది పేరు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, పాత పత్రికల నిధి. కాని వెళ్లేముందు కనీసం నెల, సంవత్సరం మన దగ్గర ఉండాలి. మాకు ఆ ఆధారం ఎక్కడ దొరికిందంటే, ఒక పోస్టుకార్డులో: "నీ వ్యాసం ఈ నెల సంచికలో చూశాను." ఆ కార్డుకు తపాలా ముద్ర స్పష్టంగా ఉంది. ఉత్తరాల పని ముందు చేయమనేది ఇందుకే.

డీటీపీ (కంప్యూటరులో పేజీలు కట్టడం) దగ్గర మాకు నెల రోజులు పోయాయి. వ్యాసాలు వాట్సాప్‌లో యూనికోడ్‌లో (ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా ఒకేలా కనబడే తెలుగు) వస్తాయి. ప్రెస్సులో చాలామంది ఇంకా పేజ్‌మేకరు అనే పాత సాఫ్ట్‌వేరు, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పనిచేస్తారు. మార్చి వేసేటప్పుడు విసర్గ పోయి కోలన్ వస్తుంది, సున్న స్థానంలో అంకె సున్నా వస్తుంది, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాట పిచ్చిగీతలవుతుంది, క్రావడి (ర వత్తు), వట్రసుడి (ృ) తారుమారవుతాయి. అచ్చుతప్పులు చూస్తే అరిచే మనిషి సంచికలో "దు:ఖం" అని కోలన్‌తో వస్తే ఎలా? అందుకని యూనికోడ్‌లోనే పేజీలు కట్టే కుర్రాడిని వెతుక్కున్నాం. ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేరులో యూనికోడ్ తెలుగు వేస్తే వత్తులు విడిపోతాయని అందరూ భయపెడతారు. పేరాగ్రాఫు అమరికలో 'వరల్డ్-రెడీ కంపోజర్' ఎంచుకుంటే విడిపోవు, చిక్కంతా అక్కడే. ఫాంట్లకు కొదవ లేదు. మండలి, సూరన్న, రామభద్ర లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. మేం లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర వాడాం. 12 పాయింట్లు, 1/8 డెమ్మీ సైజులో (మామూలు పుస్తకాల సైజు) పేజీకి 28 వరసలు, సుమారు 220 మాటలు. చదివేవాళ్లలో సగంమంది డెబ్భై దాటినవాళ్లు, 11కు దించి పేజీలు మిగుల్చుకోవాలని చూడకండి.

ప్రూఫు మూడుసార్లు చూశాం. మొదటిసారి ఇద్దరు కూర్చుని, ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చు చూడాలి. ఒక్కరే చూస్తే కన్ను తప్పును దిద్దుకుని చదివేస్తుంది. రెండోసారి పేర్లు, ఊళ్లు, తేదీలు మాత్రమే. మూడోసారి శీర్షికలు, ఫొటోల కింది పేర్లు, పేజీ నంబర్లు, విషయసూచిక. పెద్ద అక్షరాల్లో తప్పు ఎవరికీ కనపడదు. మాకు మూడో ప్రూఫు దాకా కనబడనిది వెనక అట్ట మీద ఉన్న "స్మృతి సంచిక"లో వట్రసుడి లేకపోవడం.

ప్రెస్సుకు పేజీల లెక్క తేలకుండా ఖరీదు అడగొద్దు. డెమ్మీ షీటు ఒక్కటి రెండు వైపులా అచ్చు వేస్తే 16 పేజీలు, దాన్నే ఫారం అంటారు. 112 పేజీలంటే సరిగ్గా ఏడు ఫారాలు. 113 అయ్యాయంటే ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం జోలికి పోవాలి. 500 కాపీలకు ఫారానికి ఒక రీము, అంటే 500 షీట్లు, దాని మీద తరుగు కొంత. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. కాబట్టి 300 లోపైతే డిజిటల్ అచ్చు, అంతకు మించితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. మేం సరిగ్గా సరిహద్దులో ఉండి, రెండు లెక్కలూ అడిగి డిజిటల్‌కు వెళ్లాం. కావాలంటే తర్వాత ఇరవై కాపీలు వేసుకోవచ్చన్నది కూడా ఒక కారణం. లోపల 80 జీఎస్‌ఎం మాప్లితో కాగితం (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క). 70 అయితే వెనక పేజీ ఫొటో మచ్చలా కనబడుతుంది. ఫొటోలకు 130 జీఎస్‌ఎం ఆర్టు పేపరు మీద ఎనిమిది పేజీలు విడిగా. అట్ట 300 జీఎస్‌ఎం, మ్యాటు లామినేషన్. 60 పేజీల లోపైతే మధ్యలో పిన్ను కొట్టేయొచ్చు. మనది గమ్ము బైండింగు, వెన్ను అరంగుళం కూడా రాదు, ఆరేడు మిల్లీమీటర్లే. దాని మీద పేరు వేయాలన్న సరదా మానుకుంటే మంచిది. ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా అక్షరాలు ముందు అట్ట మీదకు వచ్చేస్తాయి. మా 300లో ముప్ఫై దాకా అలా వచ్చాయి.

తేదీ ఎంపికలో కాస్త లెక్క ఉంది. సాంవత్సరికం తిథి ప్రకారం జరుగుతుంది. ఆషాఢ శుద్ధ దశమి 2025లో జులై 5న వచ్చింది, ఇంగ్లీషు తేదీకి పదకొండు రోజులు ముందు. మధ్యలో అధికమాసం పడితే ఇలా ముందుకు రాదు, రెండున్నర వారాలకు పైగా వెనక్కి పోతుంది. 5న ఇంటివాళ్లకు తీరిక ఉండదు. మర్నాడు ఆదివారమే గాని తొలి ఏకాదశి, వచ్చేవాళ్లలో సగం ఉపవాసం, టిఫిను పెట్టినా ముట్టరు. 13వ తేదీ ఆదివారం పెట్టుకున్నాం. హాలు కింది అంతస్తులో ఉండాలి, ఇదొక్కటీ పట్టుబట్టండి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు మెట్లు చూసి వెనక్కి పోతారు. మాట్లాడేవాళ్లు ఆరుగురు, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. వేదిక మీద నాలుగే కుర్చీలు వేస్తే కొత్తవాళ్లను పైకి పిలిచే తంటా తప్పుతుంది. రెండు నిమిషాల మౌనం మొదట్లోనే పెట్టాలి, చివర్లో పెడితే టిఫిను ప్లేట్ల చప్పుడులో కలిసిపోతుంది. ఏడు నిమిషాల గడువు ఎవరూ పాటించలేదు. ఒకాయన ఇరవై రెండు నిమిషాలు మాట్లాడారు, అందులో మాస్టారి ప్రసక్తి మూడు నిమిషాలు. కేసెట్టులోని సీసపద్యం ఒకటి వినిపించినప్పుడు మాత్రం హాలులో దగ్గు కూడా వినపడలేదు.

పంపకం: సభలో 160 పోయాయి. రాసినవాళ్లకు రెండేసి. ఊరి గ్రంథాలయానికి, ఆయన పనిచేసిన బడులకు, వేటపాలేనికి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించినవారు నెల రోజుల్లో కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క కాపీ పంపాలి. చాలామంది పంపరు. పంపితే మన సంచిక ఆ గ్రంథాలయాల్లో మనకంటే ఎక్కువకాలం ఉంటుంది. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) ఉచితంగానే ఇస్తారు, కాని అమ్మకానికి కాదు గనుక మేం తీసుకోలేదు. పీడీఎఫ్ అందరికీ ఇచ్చాం. ఉత్తరాల స్కాన్లు మాత్రం రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి ఇంటివాళ్ల దగ్గర, ఒకటి మా దగ్గర. అసలు కాగితాలు నంబర్ల వరసలో అట్టపెట్టెలో పెట్టి వాళ్లింటికే చేర్చాం.

అచ్చయ్యాక అయిదు తప్పులు దొరికాయి. చీటీ సైజులో తప్పొప్పుల పట్టిక వేసి, మిగిలిన కాపీల్లో మొదటి పేజీలో అంటించాం.

మాస్టారి భార్యకు 12 పాయింట్లు ఆనవని అన్నిటికన్నా ఆలస్యంగా తట్టింది. యూనికోడ్‌లో చేసినందుకు అది అరగంట పని అయింది. అదే పాఠాన్ని 20 పాయింట్లకు పెంచి, ఏ4 మీద ఒకవైపే అచ్చు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి ఇచ్చాం. వారం తర్వాత ఆవిడ ఫోను చేసి రమ్మన్నారు. దివిసీమ వ్యాసం దగ్గర మార్జిన్‌లో పెన్సిలుతో దిద్దిపెట్టారు. లారీ కాదు, ఎడ్లబళ్లూ కాదు. వాళ్ల పుట్టింటివాళ్ల ట్రాక్టరు. పట్టికలో ఆరో వరస అదే.